రంగము పోయిన తెలుగువారు

మా మాతామహుల ఇల్లు కాకినాడకు సమీపమున ఒక గ్రామములో ఉండెడిది. ఆ ఇంటి సింహద్వారము టేకుతో చేసినది. ఎన్ని వానలకు తడిసినను, ఎన్ని ఎండలకు ఎండినను దానికి చెద పట్టలేదు. "అది మామూలు టేకు కాదురా, రంగం టేకు" అని మా అమ్మమ్మ చెప్పెడిది. రంగమనగా నాటకరంగము కాబోలునని చిన్నతనమున నేననుకొంటిని. రంగమనగా రంగూను నగరమనియు, గోదావరి, విశాఖ జిల్లాల పల్లెలలో మూడు నాలుగు తరములపాటు ఆ మాటకు కాశీ రామేశ్వరములతో సమానమైన ప్రచారముండెననియు పిమ్మట తెలిసినది. భేద మొక్కటే. కాశికి పోవువారు పుణ్యమునకై పోయిరి. రంగమునకు పోవువారు కూలికై పోయిరి.

మన చరిత్ర గ్రంథములలో తెలుగువారి సముద్రయానమును గూర్చి చాల చదువుదుము. ఓడ ముద్ర గల శాతవాహన నాణెములు, మోటుపల్లి రేవున గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనము మనకు కంఠోపాఠములు. దక్షిణ బర్మాలోని మోన్ జాతివారికి గల 'తలైంగు' అను పేరు తెలింగాణము నుండియే పుట్టినదని వాదించువారును కలరు. ఆ వాదమునకు ఒప్పుకొననివారును కలరు. దానిని పండితులకే వదలుదును. రెండువేల ఏండ్ల నాటి నావికులను తలచుకొని గర్వించు మనము, మన తాతల నాడు డెక్కుమీద కూర్చుండి బంగాళాఖాతము దాటిన లక్షలాది కూలీలను గూర్చి ఎందులకో అంతగా మాటాడము. ఈ వ్యాసము వారిని గూర్చినది.

నేడు యాంగోన్ అని వ్యవహరింపబడు ఈ నగరము 1989 వరకు లోకమునకు రంగూను. అంతకు పూర్వము దానిపేరు దగోన్. బంగారు పూత గల ష్వెడగాన్ పగోడాకు దిగువను, నదీతీరమున నున్న చిన్న ఊరది. 1755లో అలౌంగ్‌పయా రాజు దానిని జయించి యాంగోన్ అని పేరు పెట్టెను. 'వైరము ముగిసినది' అని ఆ మాటకు అర్థము చెప్పుదురు. ఆ పేరు ఎంతవరకు సార్థకమైనదో చదువరులే నిర్ణయింతురు గాక. 1852లో, రెండవ బర్మా యుద్ధమున, ఇంగ్లీషువారు ఆ ఊరిని పట్టుకొనిరి. మాంట్‌గొమరీ అను వైద్యుడును, ఫ్రేజర్ అను ఇంజనీరు సైనికోద్యోగియు కొత్త నగరమునకు పథకము వేసిరి. సూలే పగోడాను నడుమ నుంచి, నదికి సమాంతరముగ వెడల్పైన వీధులను, వానికి అడ్డముగ అంకెలే పేర్లుగా గల సన్నని వీధులను గీసిరి. మన న్యూఢిల్లీ వలె అదియును ముందు కాగితముపై పుట్టి, పిమ్మట నేలపైకి దిగిన నగరము. న్యూఢిల్లీకి అది అరువదేండ్లు పెద్దది.

ఢిల్లీలో కాపురముండు మనకు ఆ నగరముతో మరియొక సంబంధము కూడ కలదు. ఎర్రకోటలో విచారణకు నిలువబడిన బహదూర్ షా జఫరును 1858లో ఇంగ్లీషువారు అచటికే పంపిరి. 1862 నవంబరు 7న ఆయన అచటనే కన్నుమూసెను. గోరీ ఎచట కట్టబడెనో తెలియకుండునట్లు నాటి అధికారులు జాగ్రత్తపడిరి. ఆ చోటు 1991లో గాని నిశ్చయముగ బయటపడలేదు. చక్రవర్తి గోరీకే ఆనవాలు లేకుండ చేసిన నగరమున కూలివాని సంగతి చెప్పవలసిన పని లేదు.

1869లో సూయెజ్ కాలువ తెరువబడుటతో రంగూను దశ మారెను. ఐరావతీ నది లంకలలోని అడవులు, బురదనేలలు కొట్టి వరిపొలములుగా మార్చబడెను. బియ్యము ఓడలకెక్కి ఐరోపాకు సైతము పోజొచ్చెను. ఎగువ బర్మా రైతులు గుంపులుగా దిగివచ్చి ఆ పొలములలో స్థిరపడిరి. చేతికి సొంత భూమి దొరకునట్లున్నపుడు ఎవడు మాత్రము పట్టణమునకు పోయి బస్తాలు మోయును? కాని బస్తాలు మోయువారు లేనిదే బియ్యము ఓడ యెక్కదు. మిల్లులలో వడ్లు దంపవలెను, రేవులో సరకు దింపవలెను, చిత్తడి పల్లములు మట్టితో పూడ్చవలెను, వీధులు ఊడ్వవలెను. ఈ పనులకు మనుష్యులు బంగాళాఖాతమునకు ఈవలి ఒడ్డున దొరకిరి. 19వ శతాబ్ది చివరి భాగమున కొంతకాలము ప్రభుత్వమే ఓడ కంపెనీలకు సహాయద్రవ్యమిచ్చి కూలీలను రప్పించెను.

ఆ వచ్చినవారిలో తెలుగువారికి బర్మాలో ఒక ప్రత్యేకమైన పేరు స్థిరపడినది. వారు 'కోరంగీలు'. ఇంగ్లీషు అధికారులు సైతము తమ నివేదికలలో ఆ మాటనే వాడిరి. కాకినాడకు దిగువను, గౌతమీ పాయ ఒకటి సముద్రమును చేరు తావున కోరంగి అను రేవు కలదు. ఒకప్పుడచట ఓడలు కట్టెడివారు. బర్మాతో వ్యాపారము చేసెడివారు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును నాశనము చేసినవి. మిగిలినదానిని గోదావరి ఒండ్రు పూడ్చినది. రంగూను పెద్ద నగరమగు నాటికి కోరంగి పని తీరిపోయినది. వ్యాపారము కాకినాడకు తరలినది. అయినను శ్రీకాకుళము మెట్టప్రాంతమునుండి వచ్చినవాడును, తునినుండి వచ్చినవాడును, కోరంగిని కంటితో చూడనివాడును రంగూనులో కోరంగియే. ఆ పిలుపులో గౌరవము తక్కువ. నాటి దొరల భాషలో కోరంగి అనగా అడిగిన బరువును మోయువాడు, ఇచ్చిన కూలిని పుచ్చుకొనువాడు.

మనలో బదిలీపై ఢిల్లీకి వచ్చినవారు ఆ ప్రయాణపు కష్టములను ఏండ్ల తరబడి చెప్పుకొందుము. మనకు ప్రయాణభత్యము కలదు, సామాను ఖర్చు కలదు, కొత్తచోట చేరుటకు గడువు కలదు. అవి చాలవని అర్జీలు పెట్టుకొను హక్కు కూడ కలదు. రంగము పోవువాని బదిలీ వేరు విధము. కలకత్తా, రంగూనుల నడుమ 1856లో టపా ఓడలు నడుపుటతో ఆరంభమైన బ్రిటిష్ ఇండియా కంపెనీ, తరువాతి కాలమున మన తీరపు రేవులకు కూడ ఓడలు పంపెను. గోపాలపురము, బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ — ఇవి వారెక్కు రేవులు. వీనిలో పెక్కింట ఓడ ఒడ్డునకు రాదు. దూరముగ సముద్రములో నిలుచును. కూలీలు పడవలలో అలలపై ఎగిరెగిరి పడుచు దానిని చేరి, నిచ్చెన పట్టుకొని పైకెక్కవలెను. మూటలో రెండు బట్టలు, కొన్ని అటుకులు, ఒక చెంబు. డెక్కుమీద ఎవడు పరచుకొన్నంత చాప వానికి ఇల్లు. వాన వచ్చినచో అందరును తడియుదురు. ఎండ కాసినచో అందరును ఎండుదురు. నాలుగైదు దినములు గడచిన పిమ్మట నీటిరంగు మారి బురదనీరగును. అటుపై నదిలో పోవుచుండగా దూరమున ష్వెడగాన్ శిఖరము మెరయును. రంగూను చేరిన ప్రతి ప్రయాణికుడును, దొరయైనను కూలియైనను, మొదట చూచినది ఆ శిఖరమునే.

తెలుగు పాఠకులలో పెక్కుమంది ఈ సముద్రయానమును ముందుగ ఒక వంగీయుని కలమునుండి చదివిరి. శరత్ చంద్ర ఛటర్జీ 1903లో రంగూను పోయి, 1916 వరకు అచట ఆఫీసులో గుమాస్తాగా పని చేసెను. 'శ్రీకాంత్' నవల రెండవ భాగములో ఆయన వ్రాసిన ఓడ ప్రయాణము, తుపాను, డెక్కు మీది జనము మన ఇండ్లలో అనువాదమున చదివినవే. ఆయన కాపురము మర్యాదస్తుల పేటలో కాదు. బొటటౌంగు, పజుండౌంగు ప్రాంతములలో మిల్లు పనివారి నడుమ. పగలంతయు లెక్కల పద్దులు, రాత్రి ఇరుగుపొరుగు పనివారి అర్జీలు, వారి రోగములు, వారి తగవులు. గుమాస్తా ఉద్యోగములోనుండియు అంతమంది మనుష్యులను చూచుట సాధ్యమేనని ఆయనను తలచుకొన్నపుడెల్ల నాకు కొంచెము సిగ్గు కలుగుచుండును.

ఓడ దిగిన కూలివానికి నగరమున తెలిసిన ముఖము ఒక్కటియే. అది మేస్త్రి ముఖము. వ్యవస్థ అంతయు మేస్త్రి చేతిలో నుండెను. ఊరిలో వాని మనిషి వచ్చి, పెండ్లి ఖర్చునకో, శిస్తునకో, పాత అప్పునకో కొంత సొమ్ము ముందుగ ఇచ్చును. ఓడ టిక్కెట్టు కొనును. ఆ క్షణమునుండి కూలివాడు బాకీదారుడు. రేవులో సరకు ఎగుమతి చేయు దొరల కంపెనీ పెద్ద మేస్త్రికి బస్తాకింతయని ఇచ్చును. పెద్ద మేస్త్రి చిన్న మేస్త్రులకిచ్చును. చిన్న మేస్త్రి ముఠాకు పంచును. ప్రతిచేతిలోను కొంత నిలిచిపోవుచు చివరి చేతికి వచ్చునప్పటికి మిగిలినది కూలి. దానిలో అప్పు వాయిదా, బస అద్దె, తిండి ఖర్చు కోసికొనెడివారు. ఆ మిగిలినదియైనను సకాలమున చేతికి రాదు. విట్లీ అధ్యక్షతను పని చేసి 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ లేబర్ కమిషన్ ఎదుట ఈ విషయమంతయు వచ్చినది. 1933లో రెండు పుస్తకములు వెలువడినవి. వలసకార్మికుల వ్యవహారము చూచిన అధికారి ఆండ్రూ దొర వ్రాసిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' ఒకటి. కూలీల పక్షమున నిలిచిన ఎ. నారాయణరావుగారు వ్రాసిన 'ఇండియన్ లేబర్ ఇన్ బర్మా' రెండవది. ఒకటి బల్లకు ఈవలి వైపునుండి, రెండవది ఆవలి వైపునుండి వ్రాయబడినవి. అయినను మేస్త్రి విషయమున అవి చెప్పు కథ ఇంచుమించు ఒక్కటియే.

ఇచట ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఆ మేస్త్రి దొర కాదు, బర్మావాడు కాదు, చెట్టియారు కాదు. వాడును తెలుగువాడే, పెక్కుమార్లు ఆ కూలివాని ఊరివాడే. వాని యాస వినియే కూలివాడు నమ్మినాడు. రంగూను సొమ్ముతో పల్లెలలో కట్టిన మేడలలో కొన్ని బస్తా మోసినవానివి, కొన్ని వాని కూలిలో భాగము మిగుల్చుకొన్నవానివి. మా తాతగారి సింహద్వారము ఏ సొమ్ముతో వచ్చినదని నేను మా అమ్మమ్మను అడుగలేదు.

రంగూను వీధులలో కూలివాని దినమెట్లుండెడిదో ఊహించుట కష్టము గాదు. తెల్లవారకముందే ముఠాలు స్ట్రాండ్ రోడ్డు వెంబడి రేవునకు నడచెడివి. కొందరు మిల్లులకు, కొందరు కోతమిల్లులకు, కొందరు నది ఆవల సిరియంలోని నూనె శుద్ధి కర్మాగారమునకు పోయెడివారు. బర్మావారు 'లాంఛా' అని పిలుచు రిక్షాలను లాగువారిలో హెచ్చుమంది మనవారు. ఇంగ్లీషు దొరసానియు, చీనా వర్తకుడును, వంగ గుమాస్తాయు ఎక్కి కూర్చుండగా, శ్రీకాకుళపు పడుచువాడు ట్రాము పట్టాల ప్రక్కను వట్టికాళ్ళతో పరుగిడెడివాడు. 1890 ప్రాంతమున నగరము నడిబొడ్డులో భూగర్భ మురుగు గొట్టములు వేసిరి. ఆ కాలమునకది గొప్ప విశేషము. గొట్టములు లేని పేటలలో మలము తీయు పనియు, వీధులూడ్చు పనియు హెచ్చుగ తెలుగువారివే. తెల్లవారుసరికి రంగూను శుభ్రముగ నుండెనని మెచ్చుకొన్న యాత్రికులు రాత్రి దానిని శుభ్రము చేసినదెవరో వ్రాయలేదు.

ఇంత నగరమును శుభ్రపరచువానికి నగరములో పండుకొన చోటులేదు. నాటి నివేదికలు ఈ విషయమును పదేపదే చెప్పినవి. సన్నని వీధులలోని మూడంతస్తుల ఇండ్లలో ఒక్కొక్క గదికి పదులకొలది మనుష్యులు. పగటి పనివారు లేచిపోగానే రాత్రి పనివారు వచ్చి ఆ చాపలమీదనే పండుకొనెడివారు. చాప చల్లారదు. గది దొరకనివారు కాలిబాటమీద పండుకొనిరి. ఆడవారు చాల కొలదిమంది. వచ్చినవారందరును ఒంటరి మగవారే. రెండు మూడేండ్లు పని చేసి, అప్పు తీర్చి, కొంత వెనుక వేసికొని తిరుగుటాడ ఎక్కుట వారి ఉద్దేశము. కొందరు మరల మరల వచ్చిరి. కొందరు బర్మా స్త్రీలను పెండ్లాడి అచటనే నిలిచిరి. ఎండుచేపల కూర తిని పెరిగినవానికి బర్మావారి చేపలముద్ద ఙపి అంత కొత్తగా తోచియుండదు. ఆఫీసులలోను, అంగడులలోను, ట్రాములలోను హిందూస్థానీ చెల్లెడిది. బర్మా భాష రాకుండ రంగూనులో జీవితమంతయు గడపవచ్చును. అది ఎంత సుఖమో అంత ప్రమాదము.

1937 ఏప్రిల్ 1 వరకు బర్మా భారత సామ్రాజ్యములో ఒక రాష్ట్రము మాత్రమే. కనుక రంగూను పోవువానికి పాస్‌పోర్టు లేదు. రంగూను నుండి కాకినాడకు మనియార్డరు పంపుట మద్రాసు నుండి పంపుటవంటిదే. 1920 దశాబ్ది చివరి యేండ్లలో ఏటా మూడు నాలుగు లక్షలమంది భారతదేశమునుండి బర్మాకు వచ్చుచు, ఇంచుమించు అంతమంది తిరిగిపోవుచునుండిరి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనసంఖ్య నాలుగు లక్షలు. వారిలో సగమునకు మించి భారతీయులు. బర్మా దేశమంతట పదిలక్షలమంది భారతీయులుండగా, తెలుగు మాతృభాషగా గలవారు లక్షన్నరకు పైబడియుండిరి. తమ దేశపు ముఖ్యనగరములో తామే అల్పసంఖ్యాకులైన బర్మావారి మనస్సు ఎట్లుండెనో మనము ఆలోచింపవలెను. ఆంధ్ర రాష్ట్రమునకై చెన్నపట్టణముతో తగవులాడినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ మనస్సు 1930 మే నెలలో బయటపడినది. అదియే అన్నివిధముల చెడ్డ నెల. మే 5న గాంధీజీని అరెస్టు చేసిరి. ఆ రాత్రియే పెగూలో భూకంపము వచ్చి వందలమంది మరణించిరి. రంగూనులోను ఇండ్లు కూలెను. రేవులోని తెలుగు కూలీలు, గాంధీజీ అరెస్టుకు నిరసనగాను, కూలి పెంపునకును సమ్మె కట్టిరి. అప్పటికే ప్రపంచమంతట ధరలు పడిపోవుచుండెను. లంకలలోని బర్మా రైతులు అప్పులకు భూములు పోగొట్టుకొని పనికై పట్టణమునకు రాజొచ్చిరి. యజమానులు సమ్మెను విరుచుటకు ఆ బర్మావారిని పనిలోనికి తీసికొనిరి. జీవితమున మొదటిసారి వారికి రేవులో పని దొరికినది. రెండు మూడు వారములు గడచిన పిమ్మట యజమానులు తెలుగువారితో రాజీ పడి కూలి కొంత పెంచిరి. మే 26 ఉదయమున బర్మా కూలీలు మామూలుగ పనికి వచ్చిరి. మీతో పనిలేదు పొమ్మని వారికి చెప్పబడినది. వారిని చూచి మనవారు నవ్విరట. నవ్వు తిట్టాయెను, తిట్టు దెబ్బయాయెను. మధ్యాహ్నమునకు నగరమంతయు కత్తులు, కర్రలు.

నాడు రంగూనులో జిల్లా మేజిస్ట్రేటుగా నున్న మారిస్ కాలిస్ ఆ దినములను తన 'ట్రయల్స్ ఇన్ బర్మా' అను గ్రంథములో వర్ణించినాడు. దెబ్బలు తిన్నవారిలో అత్యధికులు తెలుగువారు. రిక్షాలు లాగువారిని వీధులలోను, పండుకొన్నవారిని గదులలోను వెదకి కొట్టిరి. నూరుమందికి పైగా చచ్చిరి, వందలకొలది గాయపడిరి. వేలమంది పారిపోయి, ఖాళీగానున్న పాత పిచ్చాసుపత్రి ఆవరణములో తలదాచుకొనిరి. వీధులూడ్చువారు లేక, మలము తీయువారు లేక నగరము కొలది దినములలోనే కంపుకొట్టినది. ఆ తరువాత రేవు పనిని బర్మావారికిని, మనవారికిని పంచునట్లు ఏర్పాటు చేసిరి. ఆ ఏర్పాటే మే 25న చేసియున్నచో ఎట్లుండెడిదో! కూలివానికి కూలివానిని పోటీపెట్టి లాభము పొందినవారెవరును ఆ దినమున గాయపడలేదు. 'మేము బర్మావారము' అను అర్థము గల 'దోబమా' ఉద్యమము ఆ కల్లోలము తరువాతనే పుట్టినది. స్వతంత్ర బర్మా నాయకులు పెక్కుమంది అందులోనుండి వచ్చినవారే.

మా అమ్మమ్మగారి ఊరిలో 'రంగం తాత' అని ఒక ముదుసలి ఉండెడివాడు. 1980 దశాబ్దిలో, నా చిన్నతనమున, ఆయనకు డెబ్బది దాటియుండెను. పొలములో ధాన్యపు బస్తాలు బండికెత్తునపుడు "తిత్, హ్నిత్, థోన్" అని బర్మా అంకెలతో లెక్కించెడివాడు. మేము నవ్వెడివారము. ఆయన 1941 డిసెంబరు 23న రంగూను రేవులోనుండెనట. ఆ దినము జపానువారి విమానములు మొదటిసారి నగరముపై బాంబులు వేసినవి. అట్టిదానిని ఎన్నడును చూడని జనము వీధులలో నిలిచి వింతగా ఆకాశము వైపు చూచుచుండిరి. ఒక్కదినముననే వేయిమందికి పైగా మరణించిరి; వారిలో రేవు కూలీలనేకులు. మరునాటికి నగరమునుండి ఉత్తరముగ పోవు దారి నిండిపోయినది.

"తిన్నగా నడిచాం బాబూ" అని మాత్రము ఆయన చెప్పెడివాడు. ఎంతదూరమని అడిగినచో "అక్యాబు దాకా" అనెడివాడు. అది ప్రోమునుండి తౌంగుప్ కనుమ దాటి అరకాను తీరమునకు పోవు మార్గమని పటము చూచిన పిమ్మట నాకు తెలిసినది. కొండదారి, నీరులేదు, కలరా. తొలుత ప్రభుత్వము, రేవు ఆగిపోవునను భయముతో, కూలీలను త్రోవలో ఆపి వెనుకకు పంపజూచెను. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమైనది. ఆ ఏడు నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చిరనియు, వారిలో పదివేలకు తక్కువ గాకుండ, బహుశః యాభైవేల వరకు దారిలో చనిపోయిరనియు చరిత్రకారులు అంచనా వేసిరి. రెండు అంకెలకు నడుమ నలుబదివేల ప్రాణముల తేడా! ఓడ యెక్కునపుడు ప్రతివాని టిక్కెట్టును లెక్కించిన రాజ్యము దారిలో పడిపోయినవానిని లెక్కింపలేదు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి ఇచ్చిరను అభియోగము ఢిల్లీలో కేంద్ర శాసనసభ వరకు వచ్చినది. రంగం తాత తోడ బయలుదేరిన ఊరివారెందరని నేనడిగితిని. ఆయన ఐదు వ్రేళ్ళు చూపి, తరువాత రెండు ముడిచి, మరల ఆలోచించి చేయి దించివేసెను.

యుద్ధానంతరము కొందరు తిరిగి పోయిరి. బర్మా 1948 జనవరి 4న స్వతంత్రమైనది. అంతకు ఆరు మాసముల ముందు, 1947 జులై 19న, రంగూను సెక్రటేరియట్ భవనములో మంత్రివర్గ సమావేశము జరుగుచుండగా దుండగులు ప్రవేశించి ఆంగ్ సాన్‌ను, ఆయన సహచరులను కాల్చి చంపిరి. మృతులలో అబ్దుల్ రజాక్ అను భారతీయ సంతతి మంత్రియు ఉండెను. 1962లో సైన్యాధిపతి నె విన్ అధికారము గైకొనెను. తరువాతి రెండేండ్లలో బ్యాంకులు, వర్తకశాలలు, చిన్న అంగడులు సైతము ప్రభుత్వపరమైనవి. 1964 మేలో ఏబది, నూరు చాట్‌ల నోట్లు చెల్లవనిరి. చేతిలోని సొమ్ము కాగితమైనది. మరల ఓడలు వచ్చినవి. ఈసారి మన ప్రభుత్వమే పంపినది. మద్రాసులోను, విశాఖపట్టణములోను వేలకొలది కుటుంబములు దిగినవి. విశాఖలో కంచరపాలెము దగ్గర బర్మా క్యాంపు అను పేట ఆనాటిదే. మూడు తరముల క్రితము ఏ తీరమునుండి ఓడ యెక్కిరో ఆ తీరమున వారు కాందిశీకులుగ దిగిరి. వారి పిల్లలకు తెలుగుకంటె బర్మా భాష బాగుగ వచ్చును.

2017లో నేను ఆఫీసు పనిపై మూడుదినములు యాంగోన్ పోయితిని. అప్పటికి రాజధాని నేపిడాకు తరలి పదేండ్లు దాటినది. ఎర్ర ఇటుకల సెక్రటేరియట్ భవనమును ఇనుప కమ్ముల బయటనుండి చూచితిని. ఎంత పెద్ద భవనము! మన ఉత్తర, దక్షిణ బ్లాకుల వలెనే దీనిలోను వేలకొలది ఫైళ్ళు నడచియుండును. కోరంగీలకు ఇంత కూలి చాలునని అందులో ఎవరో ఒక నోటు వ్రాసియుందురు. వీధుల పేర్లు మారినవి. డల్హౌసీ వీధి మహాబందుల రోడ్డయినది. ఫ్రేజర్ వీధి అనోరథ రోడ్డయినది. మొగల్ వీధి ష్వెబొంత వీధియైనది. పథకము మాత్రము ఆ వైద్యుడును, ఆ ఇంజనీరును గీసినదే. సన్నని వీధులలో తలయెత్తి చూచినచో పాత ఇండ్ల వసారాలకు బట్టలు ఆరవేసియుండును. క్రింద కాలిబాటమీద పొయ్యి పెట్టి ఒకామె అట్లు పోయుచుండెను. దానిని వారు 'తోషే' అందురు. మన దోసెయే.

మూడవనాటి సాయంకాలము ఒక టీ దుకాణములో కూర్చుండి మా ఇంటికి ఫోనులో మాటాడుచుంటిని. గల్లాపెట్టె దగ్గర నున్న పెద్దమనిషి, లుంగీ కట్టి, నుదుట విభూతి రేఖతో, నావైపే చూచుచుండెను. నేను లేచి డబ్బిచ్చునపుడు మెల్లగా అడిగెను:

"ఏ ఊరు బాబూ మీది?"

తెలుగు! యాస శ్రీకాకుళపుదో, తూర్పుగోదావరిదో చెప్పలేకపోతిని. రెండును కలిసి ముదిరినట్లుండెను. తాను ఇక్కడనే పుట్టినానని, తన తండ్రియు ఇక్కడనే పుట్టినాడని, ఇంటిలో ఒక పేరు, కాగితములలో ఒక బర్మా పేరు కలదని చెప్పెను. భారతదేశమునెన్నడును చూడలేదట.

"కాకినాడ దగ్గర" అంటిని.

"కోరంగికి ఎంత దూరం?"

"పది మైళ్ళుంటుంది. కానీ ఇప్పుడక్కడ రేవు లేదండీ. ఏనాడో పూడిపోయింది."

ఆయన కొంచెము సేపు గల్లాలోని చిల్లర సర్దెను.

"ఊరుందా?"

"ఉంది" అంటిని. ఆయన టీ డబ్బు పుచ్చుకొనలేదు.